ఏడో కారణం

గుత్తుల లింగేశ్వరరావు ఇంట్లో మనిషి కంటే నెట్ ముందు నడుస్తుంది. ఆయన మంచం దిగి చెప్పులు వెతుక్కునేలోపే, వరండాలో పేపరు చదివే కుర్చీ చుట్టూ సిగ్నల్ గీతలన్నీ లేచి నిలబడి ఉంటాయి. భార్య సత్యవేణి వంటింటి గుమ్మం దాటకముందే, పోపులపెట్టె పక్కనున్న ఫోన్లో ప్రవచనం ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి అందుకుంటుంది. కూతురు లహరి మేడమెట్ల మీద కాలు వేస్తే చాలు, పైన డాబా మీద నీళ్ళ ట్యాంకు దగ్గర నెట్ సిద్ధం.

"మంత్రిగారి కారు కంటే ముందు సైరన్ వెళ్ళదూ? ఇదీ అంతే. కాకపోతే మనింట్లో అందరూ మంత్రులే. నేనొక్కణ్ణే సహాయమంత్రిని, ఎవరికీ ఏ సహాయం చెయ్యను" అని పకపకా నవ్వేవాడు లింగేశ్వరరావు.

ఆయనకి యాభై ఒకటి. కాకినాడలో ఒక ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ప్రొఫెసరు. గొంతు వింటే చిన్నప్పుడెప్పుడో మైకు మింగినట్టుంటుంది. ఎదుటివాడి నోట్లోంచి మాట ఊడిపడటమే ఆలస్యం, దాన్ని పట్టుకుని తలకిందులు చేసి, ఇంకో మాటకి ముడేసి వదిలేదాకా ఊరుకోడు. "మాస్టారూ, మీ వైపు వర్షం పడిందా?" అంటే "పడింది, దెబ్బ తగల్లేదు" అంటాడు. "పప్పు మాడిందండీ" అంటే "మాడితే మాడింది, మాటాడకపోతే చాలు" అంటాడు. స్టాఫ్ రూములో ఆయన చుట్టూ ఎప్పుడూ నలుగురుండేవాళ్ళు.

వాళ్ళు అద్దెకున్నది రామారావుపేటలో పాత మేడ. మూరెడు మందం గోడల కట్టుబడి. మామూలు వైఫై పెట్టె హాల్లో పెడితే ఆ నెట్ హాల్లోనే కూలబడేది. "నెట్ అందని ఇంట్లో సంసారమంటే నెట్టుకురావడమే" అనుకుని, ఆయన తన శిష్యురాలు నజీమాతో కలిసి తొమ్మిది పెట్టెలు తయారుచేశాడు. ఒక్కోటి కొబ్బరిచిప్పంత. గదికొకటి చొప్పున ప్లగ్గులో గుచ్చడమే. ఫ్యాన్లకీ ఫ్రిజ్జుకీ కరెంటు మోసే తీగలే ఈ పెట్టెల మధ్య కబుర్లు కూడా మోస్తాయి. ఇంతవరకు కొత్తేమీ లేదు, బజార్లో దొరికేదే.

కొత్త సంగతి ఆ తర్వాతది. పెట్టె వదిలిన తరంగం మనిషిని తాకితే వంకర పోతుంది. మనిషంటే నడిచే నీళ్ళబిందె. తొమ్మిది పెట్టెలూ తమకి తగిలిన వంకరల్ని ఒకదానికొకటి చెప్పుకుని, ఏ బిందె ఏ గదిలో ఉందో, ఎటు తొణుకుతోందో పోల్చుకుంటాయి. పోల్చుకుని, ఇంకో నలభై సెకన్లలో అది ఎక్కడుంటుందో ఊహించి నెట్‌ని ముందుగా అక్కడికి తోలేస్తాయి. తెర మీద మనిషికో పచ్చచుక్క, అది ఇప్పుడున్న చోటు. పక్కనే ఓ బూడిదచుక్క, అది ఉండబోయే చోటు. దీనికి ఆయన 'అల్లిక' అని పేరు పెట్టుకున్నాడు. సత్యవేణి మొదటిరోజే 'అల్లరి' అంది. ఇరవై మూడేళ్ళు కాపురం చేసింది కదా, ఆపాటి అంటుకోకుండా ఉంటుందా.

ఒక మంగళవారం మధ్యాహ్నం ల్యాబులో నజీమా కంప్యూటర్ ముందు నుంచి లేచి ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. పిఠాపురం అమ్మాయి. రోజూ బస్సులో వచ్చిపోతూ నాలుగేళ్ళుగా ఈ పని మీదే ఉంది.

"సార్, మన ఊహ నిజమయ్యేది నూటికి డెబ్బై ఒకటి కదా. ఇప్పుడు తొంభై నాలుగయింది."

"డెబ్బై ఒకటి నుంచి తొంభై నాలుగా!" లింగేశ్వరరావు కేకకి పక్క ల్యాబులో ఎవరో స్క్రూడ్రైవర్ జారవిడిచారు. "వయసు పెరిగేకొద్దీ ఊహ పెరుగుతుందని ఇన్నాళ్ళకి రుజువైందమ్మా! ఏం కలిపావు?"

"నేనేం కలపలేదు సార్. అదే వెతుక్కుంది." నజీమా నవ్వలేదు. "ఇదివరకు ఆరు కారణాలు చూసి ఊహించేది. గంటెంతయింది, ఎవరి ఫోను మోగింది, కుక్కరు పెట్టారా, కరెంటు పోయిందా, అలాంటివి. ఇప్పుడు దానికి ఏడోది దొరికింది. నేను దానికి ఏడో కారణం అనే పేరు పెట్టాను."

"ఏడో కారణం! ఏడ్చినట్టుంది పేరు. అసలు సంగతేంటది?"

ఆమె కాసేపు తన చున్నీ అంచు చూసుకుంది. "మీరు సార్."

తెర ఆయన వైపు తిప్పింది. మూడు నెలల ఇల్లు అందులో ఉంది. ఆయన పచ్చచుక్క హాల్లోకి వస్తే సత్యవేణి చుక్క వంటింట్లోకి, లహరి చుక్క డాబా మీదకి. ఆయన వంటింట్లోకి వస్తే సత్యవేణి పెరట్లోకి. నలభై సెకన్లు నిండకుండానే. వందసార్లు వస్తే తొంభైసార్లు అంతే. ఉప్పెనకి జనం ఊరు ఖాళీ చేసినట్టు, ఆయన అడుగు పెట్టిన గదల్లా ఖాళీ.

లింగేశ్వరరావు చాలాసేపు చూశాడు. చూసి, ఏ ప్రొఫెసరైనా అనే మాటే అన్నాడు.

"వైరింగులో తప్పుంది."

అలా అనుకోవడానికి ఆయన దగ్గర గట్టి ఆధారమే ఉంది. ఆ ఇంటికి మూడు ఫేజుల కరెంటు. సాయంత్రమయ్యేసరికి ఆ వీధిలో ఏదో ఒక ఫేజు నీరసపడుతుంది. బల్బు ఎర్రబడగానే సత్యవేణి స్టూలెక్కి, మెయిన్ బోర్డులో ఫ్యూజు పీకి పక్క ఫేజులో గుచ్చేస్తుంది. ఈ పనిలో ఆవిడ ఏ లైన్‌మన్‌కీ తీసిపోదు. పెట్టెలు మాట్లాడుకునేది ఆ తీగల్లోంచే కదా. రోజుకి రెండుసార్లు తీగ మారిస్తే వంటింటి పెట్టె ఏదో, పెరటి పెట్టె ఏదో వాటికి మాత్రం ఎలా తెలుస్తుంది?

"ఫేజు మారితే ఫేసులు తారుమారవుతున్నాయి, అంతే" అని తేల్చేశాడు. ఆ సాయంత్రమే ఇంట్లో ఆజ్ఞ జారీ అయింది. వారం రోజుల పాటు ఎవరూ ఫ్యూజు ముట్టుకోకూడదు.

మూడోరోజు సత్యవేణి చేటలో మినపగుళ్ళు పోసుకుని హాల్లో కూర్చుంది. లింగేశ్వరరావు కాలేజీ నుంచి వచ్చి చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు.

"ఏవండీ, ఒకసారి పైకి చూడండి. ఆ ఫ్యాను తిరుగుతోందా, ఆలోచిస్తోందా?"

"ఆలోచిస్తే మంచిదే. నా ఫ్యాన్సందరూ ఆలోచనాపరులే!"

"ఫ్రిజ్జు చల్లబడట్లేదు. నిన్నటి పులుసు..."

"పులుసు పోతే పోయింది, మన పలుకుబడి పోకపోతే చాలు!"

సత్యవేణి చేట తీసుకుని లేచింది. అప్పుడు లింగేశ్వరరావు తన జన్మలో మొదటిసారి, మనసులో అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇరవై రెండు దగ్గర వంటింటి తలుపు చప్పుడైంది. ముప్పై ఒకటి దగ్గర పెరట్లో గాజులు వినిపించాయి. పైన డాబా మీద ఎవరో నడుస్తున్నారు. లహరి ఎప్పుడు లేచి వెళ్ళిందో ఆయన చూడనే లేదు. అసలు హాల్లో ఉందన్న సంగతే చూడలేదు.

వారం తర్వాత నజీమా లెక్క తీసింది. ఏడో కారణం బలం తగ్గలేదు. ఊహ తొంభై అయిదయింది.

హైదరాబాదులో ఇంటింటికీ నెట్ పెట్టెలు అమ్మే ఒక కంపెనీ ఉంది. దాని తరఫున కౌశిక్ అనే కుర్రాయన సోమవారం ల్యాబుకి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, మనిషి మర్యాదస్తుడు. ముందస్తు నెట్ చూసి "బావుంది సార్" అన్నాడు. ఏడో కారణం చూసి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"సార్, అసలు సరుకు ఇదండీ. నెట్ ముందు రావడం ఎవడైనా చేస్తాడు. ఏ ఇంట్లో ఎవరు ఎవర్ని తప్పించుకు తిరుగుతున్నారో ఎవడు చెప్పగలడు? బీమావాళ్ళకి కావాలి, పెళ్ళిసంబంధాల వాళ్ళకి కావాలి. రేపో మాపో విడిపోబోయే ఇల్లు మనకి ఆర్నెల్ల ముందే తెలిసిపోతుంది. రెండో కనెక్షను అప్పుడే అమ్మేసుకోవచ్చు."

హాస్యానికన్న మాట కాదది. లింగేశ్వరరావు తెర వైపు తిరిగాడు. అందులో ఉన్న ఇల్లు ఆయనదేనని కౌశిక్‌కి తెలియదు. అందులో ఒంటరిగా హాల్లో ఉన్న చుక్క ఎవరిదో తెలియదు.

"శనివారం పొద్దున్న ఆ ఇంట్లోనే ఒకసారి చూపించండి సార్. ఇంట్లో పెద్దవాళ్ళందరి అనుమతి పత్రాలూ ఉన్నాయి కదా?"

"ఉన్నాయి" అన్నాడు లింగేశ్వరరావు.

అతను వెళ్ళాక నజీమా ఫైలు తెరిచి మూడు కాగితాలు బల్ల మీద పరిచింది. "సార్, ఈ మూడు సంతకాలూ మీ చేతిరాతే."

"ఇంటి యజమాని సంతకం కిందే కదమ్మా! రేషన్ కార్డుకి నేనే పెట్టాను, గ్యాసుకి నేనే పెట్టాను. సొంతవాళ్ళకి సంతకాలేంటి?"

"రేషన్ కార్డు ఎవరు ఏ గదిలో ఉన్నారో చూడదు కదా సార్."

ఆయన కాగితాల మీదకి వంగి తన రాత చూసుకున్నాడు. నజీమా మళ్ళీ అంది. "ఇంకోటి కూడా ఉంది సార్. చూపించాలా వద్దా అని నెల్రోజులుగా అనుకుంటున్నాను."

పెట్టెలు బిగించిన వారానికి, ఒకనాటి సాయంత్రం లెక్కని తెర మీద నడిపింది. ఆయన తన గదిలో ఉన్నాడు. ఆ సాయంత్రం ఆయనకి బాగా గుర్తుంది. అల్లిక గురించి ఊరందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్న సాయంత్రం. లహరి చుక్క తన గదిలోంచి బయల్దేరి ఆయన గుమ్మం దాకా వచ్చింది. ఆగింది. వెనక్కి వెళ్ళింది. అయిదు నిమిషాలకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఆరు నుంచి ఏడుంబావు దాకా పదకొండుసార్లు. ప్రతిసారీ బూడిదచుక్క గుమ్మం దాటి ఆయన కుర్చీ పక్కన నిలబడింది. పిల్ల లోపలికి వస్తుందని యంత్రం పదకొండుసార్లూ నమ్మింది. పచ్చచుక్క ఒక్కసారీ దాటలేదు.

తరంగాల మీద పాతికేళ్ళు పాఠం చెప్పినవాడు, కూతురికి లహరి అని ఏరి కోరి పేరు పెట్టుకున్నవాడు, ఆ గుమ్మం దగ్గర ఆగిపోయిన చుక్కని చూస్తూ కూర్చుండిపోయాడు.

ఆ సోమవారం సాయంత్రమే ఇంటికి కొత్త కాగితాలు పట్టుకెళ్ళాడు. సత్యవేణి, లహరి హాల్లోనే ఉన్నారు. లహరికి ఇరవై, డిగ్రీ ఆఖరి ఏడాది. బల్ల మీద కాగితాలు పెట్టి, సంగతి చెప్పి, "ఎవరి సంతకం వాళ్ళు పెట్టాలి" అన్నాడు.

లహరి కాగితం మొత్తం చదివింది. "నాన్నా, ముందు నా గదిలో పెట్టె..."

"పెట్టె ఏంటి, పెట్టేబేడా సర్దేశావా?"

ఆ మాట ఆయన అనాలని అనలేదు. తుమ్ము వచ్చినట్టు వచ్చేసింది. లహరి కాగితం బల్ల మీద పెట్టి మెట్ల వైపు వెళ్ళిపోయింది. ముప్పై నాలుగు లెక్కపెట్టేసరికి డాబా తలుపు మూసుకుంది.

"సంతకం పెట్టమంటారు. నోరు మాత్రం విప్పనివ్వరు" అంది సత్యవేణి. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. "మనింట్లో ఎవరిదైనా ఒక్క మాట చివరిదాకా వెళ్ళి ఎన్నాళ్ళయిందండీ? సగం దారిలో మీరు పట్టుకుపోతారు. అందుకే దానికేదైనా చెప్పాలంటే పెరట్లోకి వచ్చి నాకు చెప్తుంది. నాకేదైనా చెప్పాలంటే గోడకి చెప్పుకుంటాను."

లింగేశ్వరరావు మేడమెట్ల దగ్గరికి వెళ్ళాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. తను పైకి వెళ్తే పిల్ల కిందికి వస్తుంది. తొంభై అయిదు పాళ్ళు ఖాయం. ఆ లెక్క చేసింది తనే. అందుకని మూడో మెట్టు మీద కూర్చున్నాడు. చేతిలో ఫోను లేదు. ఏం చెయ్యాలో తెలియక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. వీధిలో ఎవరో పాలక్యాన్లు దించుతున్నారు. ఇంట్లో ఇన్ని చప్పుళ్ళు వినపడతాయని ఆయనకి తెలియదు.

ఇరవై నిమిషాలకి లహరి దిగింది. "దారికడ్డంగా కూర్చున్నావేంటి?"

దీనికి రెండు జవాబులు, రెండూ దివ్యమైనవి, ఆయన నోటిదాకా వచ్చాయి. "చెప్పమ్మా" అన్నాడు.

"ఏం చెప్పను?"

"పదకొండుసార్లు నా గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయావు కదా. ఆ సంగతి."

లహరి ముఖం మారిపోయింది. ఆయన పైనున్న మెట్టు మీద మెల్లగా కూర్చుంది. "అది కూడా చూసేశావా?"

అప్పుడర్థమైంది లింగేశ్వరరావుకి, తను బతిమాలడానికి తెచ్చిన మాటే పిల్లకి తగిలిన దెబ్బ అని.

"అదే నాన్నా ఆరోజు చెప్పాలనుకున్నది" అంది లహరి. "నాకు ఏడుపొస్తే డాబా మీదకి వెళ్తాను. ట్యాంకు వెనక్కి. ఇంట్లో సెల్ సిగ్నలూ నెట్టూ రెండూ రాని చోటు అదొక్కటే ఉండేది. ఎవరి ఫోనూ రాదు, ఎవరి మెసేజీ రాదు. హాయిగా ఉండేది. ఇప్పుడు నేను మెట్లెక్కేలోపే అక్కడ సిగ్నల్ నిండిపోయి ఉంటోంది. నేను ఏడవడానికి వస్తున్నానని దానికి ముందే తెలుసు. ఎక్కడికెళ్ళినా నా కంటే ముందు నువ్వెళ్ళి అక్కడ కూర్చున్నట్టుంటుంది."

  ఆయన కాస్త పక్కకి జరిగి "ఏడుపెందుకమ్మా?" అన్నాడు.

"అది ఇప్పుడు కాదు. నాకు చెప్పాలనిపించినప్పుడు."

"సరే." ఆ ఒక్క మాటకి ఆయన ఎంత కష్టపడ్డాడో ఆయనకే తెలుసు. "శనివారం వాళ్ళని రావద్దని చెప్పేస్తాను."

"వద్దు, రానీ. నా సంతకం సంగతి నేనే చెప్తాను వాళ్ళకి."

మర్నాడు ల్యాబులో ఆయన నజీమాతో మాట దాచలేదు. ఇంటి లెక్కలు వాడుకోకూడదు, శనివారం లహరి ఎదురుగా ముగ్గురివీ తుడిచెయ్యాలి, ఏడో కారణం ఉండదు. నజీమా నాలుగేళ్ళ పనిలో నాలుగోవంతు అది. ఆమె కిటికీలోంచి కాలేజీ బస్సుల వైపు చూసింది.

"థీసిస్ డెబ్బై ఒకటితోనే రాసుకుంటాను సార్. ఇంకో ఇల్లు వెతికి, వాళ్ళని అడిగి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఇంకో ఏడాది బస్సు పాసు."

"తప్పు నాది. ఏడాది నీది" అన్నాడు లింగేశ్వరరావు. ఆ మాటకి నవ్వేలా ఏమీ లేదు, ఆయనా నవ్వలేదు.

శనివారం పదిగంటలకి కౌశిక్ వచ్చాడు. హాల్లో గోడ మీద తెర కట్టారు. నజీమా ల్యాప్‌టాప్ తెరిచింది. లహరి పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. "పత్రాల మీద మా సంతకాలు మేము పెట్టలేదండి, నాన్న పెట్టేశారు. నేను పెట్టాలో వద్దో చెప్పేముందు ఒక్కసారి నా ఎదురుగా నడపండి. నా చుక్క నేను చూడాలి" అంది. కౌశిక్ మొహమాటంగా తల ఊపాడు.

లింగేశ్వరరావు తన గదిలోంచి హాల్లోకి రావాలి. వచ్చాడు. వచ్చి, రోజూ నిలబడే చోటే నిలబడ్డాడు. తెర మీద ఆయన చుక్క గుమ్మం దాటిందో లేదో, సత్యవేణి బూడిదచుక్క పెరట్లోకి జారింది. లహరి బూడిదచుక్క మెట్లెక్కి డాబా మీదకి పోయింది. పైన ట్యాంకు దగ్గర సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే లేచి నిండాయి.

"చూశారా!" అన్నాడు కౌశిక్ హుషారుగా. "ఇప్పుడు వెళ్తారు చూడండి."

పది సెకన్లు. ఇరవై. సత్యవేణి వంటింట్లోంచి కాఫీలు తెచ్చి బల్ల మీద పెట్టింది. పరాయివాళ్ళ ముందు ఎన్నడూ కూర్చోని మనిషి, కొంగు సర్దుకుని కుర్చీలో కూర్చుంది. ఇరవై ఎనిమిది దగ్గర లహరి చేతులు కుర్చీ చేతుల మీద బిగిశాయి. సగం లేచింది.  లింగేశ్వరరావు ఉండమ్మా అనలేదు. అనడానికి తనకి హక్కు లేదనిపించింది. ఏళ్ళనాటి అలవాటు ఆ పిల్ల కాళ్ళలో ఎంత లోతుకి దిగిందో కళ్ళెదురుగా కనిపిస్తోంది. లహరి అలాగే ఒక్క క్షణం ఉండి, కుర్చీని ఆయన వైపు కొంచెం తిప్పుకుని మళ్ళీ కూర్చుంది.

నలభై. అరవై. డాబా మీద ఎవరూ లేరు. నెట్ మాత్రం నిండుగా ఉంది.

"ఎక్కడో లూజు కనెక్షన్ ఉన్నట్టుంది సార్" అన్నాడు కౌశిక్ తెర దగ్గరికి వెళ్ళి. "ఫేజు ఏమైనా..."

"ఫేజు బాగానే ఉందండీ. పొద్దున్నే నేను చూశాను" అంది సత్యవేణి.

లహరి గొంతు సవరించుకుంది. "నేను సంతకం పెట్టట్లేదండి. అమ్మ కూడా పెట్టదు. నిన్నటిదాకా ఉన్న లెక్కలన్నీ ఇప్పుడు ఈ నజీమాగారు నా ఎదురుగానే తుడిచేస్తారు. మీరు రావడం వృథా అయినందుకు ఏమీ అనుకోకండి." నజీమా మీటలు నొక్కింది. తెర మీద చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"మేడం, ఒక్క నిమిషం. ఇందులో మీకు నష్టమేంటి? మీ మాటలు వినదు, మీ ఫొటో తియ్యదు..."

"మీ పెట్టెలకి గోడలు అడ్డం రావంటారు కదండీ. నాకు గోడలు కావాలి."

గోడ. ఆ మాట చెవినపడగానే లింగేశ్వరరావు నాలుక చివర నాలుగు చమత్కారాలు వరసకట్టాయి. ఒకదాన్ని మించిందొకటి. మొదటిది చెప్తే కౌశిక్‌కి కాఫీ పొలమారేది. రెండోదానికి స్టాఫ్ రూములో బల్లలు అదిరేవి. ఆయన దవడలు బిగబట్టి నాలుగింటినీ మింగేశాడు. అవి గొంతులోంచి దిగడం తెలిసింది.

"గోడ ఉంటేనే కదండీ తలుపుండేది" అంటోంది లహరి. "తలుపుంటేనే కదా ఎవరైనా తట్టేది. తడితే నేను తియ్యొచ్చు, తియ్యకపోవచ్చు. తియ్యాలనిపించేదాకా ఆగే మనిషి బయట ఉండాలి గానీ, నేను ఎప్పుడు తీస్తానో ముందే తెలిసిన మనిషి..."

కౌశిక్ ఓపిక పట్టలేక ఆయన వైపు తిరిగాడు. "సార్, మీరైనా ఒకసారి..."

"ఉండండి బాబూ" అన్నాడు లింగేశ్వరరావు, ఎన్నడూ లేనంత మెల్లగా. "మా అమ్మాయి మాట ఇంకా అవలేదు."